ఆరో క్లాసు మోకు

"హా... హా... హాచ్!"

క్లాసులో అందరికంటే పొడుగైన నిచ్చెన తుమ్మాడు. తుమ్మితే తుమ్మాడు గానీ, వాడి చేతిలోని జనపనార కట్ట ఎగిరి వెళ్ళి పిడుగు నెత్తిమీద పడింది.

"ఒరేయ్! పొద్దున్నే జడ వేసుకున్నానురా!" అని పిడుగు అరిచింది.

"ఇప్పుడు ఇంకో జడ వచ్చిందిగా. ఊరికే వచ్చింది, ఉంచుకో," అన్నాడు నిచ్చెన ముక్కు తుడుచుకుంటూ.

ఆరో క్లాసు మొత్తం పకపకా నవ్వింది. నవ్వినవాళ్ళ ముక్కుల్లోకి కూడా దుమ్ము వెళ్ళింది. ఇక అందరూ తుమ్ములే తుమ్ములు.

అది పొడవాటి రేకుల షెడ్డు. ఈ చివర నిలబడి చూస్తే ఆ చివర ఉన్న మనిషి బొమ్మంత కనిపిస్తాడు. గోడల పొడవునా నార కట్టలు. లోపలంతా ఎండిన గడ్డి వాసన. కిటికీల్లోంచి పడే ఎండలో సన్నటి పీచు మెరుస్తూ తేలుతోంది.

షెడ్డు పిడుగు వాళ్ళ పెద్దమ్మది. పెద్దమ్మ తాళ్ళు పేనుతుంది. పడవలకి, బావులకి, ఉయ్యాలలకి, లారీల మీద సరుకు బిగించడానికి, అన్నిటికీ. ఆవిడ చేతులు తాళ్ళలాగే గట్టివి. నవ్వితే షెడ్డు రేకులు అదురుతాయి.

పిడుగుకి అసలు పేరు వేరే ఉంది. హాజరు వేసేటప్పుడు తప్ప ఆ పేరుతో ఎవరికీ పని పడదు. కూర్చోమంటే లేస్తుంది. నడవమంటే పరిగెడుతుంది. అసలు ఇంతమంది ఈ షెడ్డులో తుమ్ముతున్నారంటే, దానికి కారణం కూడా తనే.

స్కూల్లో ఆటల పోటీలు దగ్గర పడ్డాయి. తాడు లాగే పోటీ ఆరో క్లాసుకీ ఏడో క్లాసుకీ మధ్య. పాత నైలాన్ తాడు పోయినసారి అందరి అరచేతుల తోలూ లేపేసింది. గేమ్స్ సార్ దాన్ని మూలన పారేసి, "కొత్తది కొనాలర్రా," అన్నారు. ఆయన నోట్లో మాట నోట్లో ఉండగానే పిడుగు బెంచీ ఎక్కేసింది.

"కొనడం ఎందుకు సార్? మేమే పేనుకొస్తాం! మా పెద్దమ్మ నేర్పిస్తుంది!"

అప్పటికి పెద్దమ్మని అడగనే లేదు. అడిగాక పెద్దమ్మ చెవి మెలిపెట్టింది. "నాకు చెప్పకుండా నా షెడ్డు దానం చేసేశావుటే?" అంది. తర్వాత చెవి వదిలి, "సరే, రమ్మను. దుమ్ముకి ఏడవకూడదని చెప్పు," అంది.

అలా వచ్చారు. మేకులు దిగ్గొట్టిన పలక మీద నారని జుట్టు దువ్వినట్టు దువ్వారు. దువ్విన నారకి పురి పెట్టి పోగులు తీశారు. పోగులన్నీ కలిపి మూడు లావు పేటలు చేశారు. ఇవాళ ఆ మూడు పేటలూ ఒక్కటై మోకు కావాలి. అసలు సరదా ఇవాళే!

షెడ్డుకి ఈ చివర ఒక పెద్ద చక్రం ఉంది. దాని పిడి తిప్పితే మూడు కొక్కేలు ఒకేసారి గిర్రున తిరుగుతాయి. ఒక్కో కొక్కేనికి ఒక్కో పేట కట్టారు. ఆ చివర చిన్న బండి ఉంది. దాని మీద రాళ్ళు పేర్చారు. మూడు పేటల కొసలూ బండికున్న ఒకే కొక్కేనికి తగిలించారు.

"పిడి దగ్గరికి ఎవరొస్తారు?" అంది పెద్దమ్మ.

అందరి చేతులూ లేచాయి. అన్నిటికంటే ఆఖరున, సగం మాత్రమే, ఒక చెయ్యి లేచింది. అది నిదానం చెయ్యి. నిదానం మాట్లాడే ముందు ఆలోచిస్తుంది. ఆలోచించే ముందు కూడా కాస్త ఆలోచిస్తుంది.

"నువ్వు రా తల్లీ," అంది పెద్దమ్మ. "ఒకటే వేగం. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు. నేను ఆపమనేదాకా తిప్పు."

నిదానం పిడి తిప్పడం మొదలుపెట్టింది. కొక్కేలు తిరిగాయి. పేటలకి పురి ఎక్కింది. ఎక్కేకొద్దీ పేటలు పొట్టివవుతూ, బిర్రుగా బిగిశాయి. ఉన్నట్టుండి ఆ చివరి బండి కిర్రుమంటూ కదిలింది.

"బండి కదిలింది! ఎవరూ తొయ్యలేదు! అదే వస్తోంది!"

పిల్లలంతా గంతులేశారు. పిడుగైతే బండి ముందు డాన్సు చేసింది. అంతంత రాళ్ళని గడ్డిపోచలు లాక్కొస్తున్నాయి!

అప్పుడు పెద్దమ్మ చక్రం ఆపించి ఒక కొయ్య ముక్క తెచ్చింది. అచ్చం పెద్ద బొంగరంలా ఉంది. దాని చుట్టూ మూడు గాడులు. బండి దగ్గర ఆ బొంగరాన్ని మూడు పేటల మధ్యా పెట్టి, ఒక్కో గాడిలో ఒక్కో పేట కూర్చింది.

"ఇది చక్రం వైపు నడుస్తుంది. దీని వెనకాల మూడు పేటలూ ఒకదాన్నొకటి చుట్టుకుని తాడవుతాయి. ఎవరు పట్టుకుంటారు?"

"నేను! నేను! నేను!" అంది పిడుగు. మూడుసార్లు అన్నానని తనకే తెలీదు.

పెద్దమ్మ బొంగరాన్ని పిడుగు చేతుల్లో పెట్టింది. "విను. దీన్ని నువ్వు లాగక్కర్లేదు. పురే దీన్ని తోస్తుంది. నువ్వు ఆపుతూ ఆపుతూ నడవాలి. నువ్వు తొందరపడితే తాడు వదులైపోతుంది. తెలిసిందా?"

"తెలిసింది, తెలిసింది!"

నిదానం మళ్ళీ తిప్పింది. బొంగరం పిడుగు చేతుల్లో ప్రాణం ఉన్నదానిలా వణికింది. ముందుకి తోసింది. పిడుగు ఆపుతూ ఒక అడుగు వేసింది. వెనక్కి తిరిగి చూసింది. తాడు! నిజమైన తాడు! మూడు పేటలూ మెలికలు తిరుగుతూ ఒక్కటవుతున్నాయి.

"చూశారా! నా చేతుల్లోంచి వస్తోంది!" అని కేకేసింది.

అంతలో బయట పడవ మనిషి వచ్చి పెద్దమ్మని పిలిచాడు. అతను కొన్న తాళ్ళు బయట ఉన్న అతని బండిలోకి ఎక్కించాలి.

"చక్రం ఆపు తల్లీ," అంది పెద్దమ్మ. "పిడుగూ, ఉన్నచోటే ఉండు. నేనొచ్చేదాకా అడుగు ముందుకి పడకూడదు."

పిడుగు ఉన్నచోటే ఉంది. కాసేపు. అరికాళ్ళు దురద పెట్టాయి. మోకాళ్ళు ఆడాయి.

కిటికీలో ఒక తల కనిపించింది. దాని పక్కన ఇంకో రెండు. ఏడో క్లాసు కెప్టెనూ, వాడి జట్టూ.

"ఏంటి, తాడు పేనుతున్నారా, ధ్యానం చేస్తున్నారా?" అన్నాడు కెప్టెన్. "పోటీ ఈ ఏడాదే. వచ్చే ఏడాది కాదు!"

పిడుగు మొహం ఎర్రబడింది.

"తిప్పవే నిదానం!"

"పెద్దమ్మ... ఆగమంది కదా..."

"నేను చెప్తున్నానుగా! తిప్పు!"

నిదానం అటూ ఇటూ చూసింది. అందరూ "తిప్పు, తిప్పు" అంటున్నారు. తిప్పింది. ముందు తిప్పినట్టే తిప్పింది, ఎక్కువా కాదు, తక్కువా కాదు. పిడుగు మాత్రం అదివరకు నడిచినట్టు నడవలేదు. షెడ్డు మధ్యకి వచ్చేసరికి పరుగందుకుంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. కిటికీలో తలలు నోళ్ళు తెరిచాయి. కాస్త దూరం వెళ్ళాక ఆయాసం వచ్చి మళ్ళీ నడకలోకి దిగింది. చక్రం దాకా వచ్చేసింది.

"అయిపోయింది! మోకు అయిపోయింది!"

కొసలు ముడేశారు. కొక్కేల నుంచి విప్పారు. అందరూ మోకుని తడుముతుంటే పిడుగు కూడా తడుముతూ మధ్యదాకా వెళ్ళింది. అక్కడ దాని చెయ్యి ఆగింది.

ఒక పేట మిగతా రెంటిలోంచి గూనిలా పైకి లేచి ఉంది. వేలు పెడితే వేలు దూరింది. తను పరిగెత్తింది సరిగ్గా అక్కడే.

పిడుగు చుట్టూ చూసింది. ఎవరూ చూడట్లేదు. గూనిని అరచేత్తో నొక్కింది. అణిగింది. చెయ్యి తీస్తే మళ్ళీ లేచింది.

మోకు మధ్యలో గుర్తుకని తెచ్చిన ఎర్ర గుడ్డ బల్ల మీద ఉంది. పిడుగు దాన్ని తీసి ఆ చోటే చుట్టేసింది. చుట్టు మీద చుట్టు, చుట్టు మీద చుట్టు. గట్టిగా ముడేసింది.

"ఇంత గుడ్డ ఎందుకే?" అన్నాడు నిచ్చెన.

"దూరం నుంచి కూడా కనపడాలి మరి!"

మోకుని భుజాల మీద వేసుకుని, పాట పాడుకుంటూ ఊరేగింపులా బయటికి నడిచారు. పెద్దమ్మ ఇంకా పడవ మనిషి బండి దగ్గరే ఉంది. "ఆగండర్రా! నన్నొకసారి చూడనివ్వండి!" అని అరిచింది.

"రేపు చూద్దువుగానిలే పెద్దమ్మా!" అంది పిడుగు వెనక్కి తిరక్కుండా.

మర్నాడు పొద్దున్నే గ్రౌండులో ప్రాక్టీసు. గేమ్స్ సార్ మోకుని చేతిలో పట్టుకుని, "భలే! మెత్తగా ఉంది. చేతులు కొయ్యదు," అన్నారు. ఆరో క్లాసు మొహాలు వెలిగిపోయాయి. సార్ వాళ్ళనే రెండు జట్లుగా నిలబెట్టి విజిల్ ఊదారు.

"లాగూ! లాగూ!"

టప్!

ఆకాశం కిందికొచ్చింది, నేల పైకెళ్ళింది. అందరూ వెల్లకిలా పడ్డారు. ఇటువాళ్ళ చేతుల్లో సగం మోకు, అటువాళ్ళ చేతుల్లో సగం. మధ్యలో ఎర్ర గుడ్డ ఊడి దుమ్ములో పడి ఉంది.

ముందు కాస్త నవ్వులు వినిపించాయి. తర్వాత ఆగిపోయాయి.

"తెగిపోయిందా? మన మోకు తెగిపోయిందా?"

"చక్రం ఎవరు తిప్పారు?" అన్నాడు నిచ్చెన లేచి ప్యాంటు దులుపుకుంటూ. "నిదానమే కదా? పురి సరిగ్గా ఎక్కలేదు. అంతే."

"అవును! చక్రం దగ్గర నిద్రపోయి ఉంటుంది!"

"దానికెవరు చక్రం ఇమ్మన్నారు అసలు?"

పిడుగు ఎర్ర గుడ్డ తీసి జేబులో కుక్కుకుంది.

నిదానం మోచెయ్యి చీరుకుపోయింది. లేచి కుళాయి వైపు నడిచింది. పిడుగు వెనకే వెళ్ళింది. కుళాయి తిప్పి, ఆ మోచేతి మీద నీళ్ళు పోసింది.

"మంటగా ఉందా?"

నిదానం తల అడ్డంగా ఊపింది. తర్వాత మెల్లగా, "మధ్యలో ఒకసారి చెయ్యి మార్చుకున్నాను," అంది. "కుడి చెయ్యి నొప్పెట్టింది. అప్పుడే పురి తగ్గి ఉంటుంది. నా వల్లే. మళ్ళీ పేనేటప్పుడు నేను రాను. మీరు చేసుకోండి."

నిదానం నిజంగానే నమ్మేసింది. తను చెయ్యని తప్పుని తనదే అనుకుంటోంది.

కుళాయి కట్టకుండానే పిడుగు గ్రౌండులోకి పరిగెత్తింది. అందరి మధ్యా నిలబడింది. సార్ తెగిన కొసలు చూస్తున్నారు.

"సార్, అది చక్రం తప్పు కాదు. బొంగరం తప్పు. బొంగరం కూడా కాదు. నేను."

"ఏంటి?" అన్నాడు నిచ్చెన.

"పెద్దమ్మ ఆగమంది. నేను ఆగలేదు. పరిగెత్తాను. అక్కడ తాడు వదులైపోయింది. నేను చూశాను. మీకెవ్వరికీ కనపడకూడదని గుడ్డ చుట్టేశాను." ఒక్క గుక్కలో చెప్పేసింది.

ఇన్ని తుమ్ములు, ఇంత దుమ్ము, ఇంత పని... అందరి కళ్ళలోనూ అదే కనిపించింది.

"తెలిసి కూడా మమ్మల్ని లాగమన్నావా?" అన్నాడు నిచ్చెన. వాడి గొంతులో ఈసారి జోకు లేదు.

"అవును," అంది పిడుగు.

గేమ్స్ సార్ తెగిన మోకుని చుట్టచుట్టి పిడుగు చేతుల్లో పెట్టారు. "పోటీ ఎల్లుండి. ఆ పొద్దుటికి మోకు ఉంటే ఇదే వాడదాం. లేకపోతే నైలాన్ కొంటాను," అన్నారు.

నిదానం ఎప్పుడు వచ్చిందో, వెనకాల నిలబడి ఉంది. మోచేతి మీంచి నీళ్ళు కారుతున్నాయి.

"అయితే... నా చక్రం... బాగానే తిరిగిందా?"

"చాలా బాగా తిరిగింది," అంది పిడుగు. "నువ్వొక్కదానివే సరిగ్గా చేశావు. నన్ను తిట్టవే. ఏదో ఒకటి తిట్టు."

నిదానం ఆలోచించింది. ఇంకాస్త ఆలోచించింది.

"తిట్లు తర్వాత తిడతాను. ముందు పెద్దమ్మ దగ్గరికి పద," అంది.

పెద్దమ్మ మాత్రం తిట్లు తర్వాతకి దాచుకోలేదు. తెగిన కొస చూడగానే, "ఇక్కడెవరో గుర్రం ఎక్కారు!" అంది. పిడుగు చెవులు రెండూ వేడెక్కేదాకా తిట్టింది. తిట్టడం అయ్యాక పెద్దమ్మ కొంగు నడుముకి దోపింది. "మీ వాళ్ళందరినీ రేపు బడి వదలగానే రమ్మను. మొత్తం విప్పి మళ్ళీ పేనుదాం. నార ఎక్కడికీ పోలేదుగా."

వస్తారో రారో అని పిడుగుకి భయం. మర్నాడు షెడ్డు తలుపు దగ్గర ముందుగా కనిపించింది నిచ్చెన. "తుమ్మడానికి వచ్చాన్లే," అన్నాడు. వాడి వెనకాల మిగతావాళ్ళు.

మోకు విప్పారు. తెగిన పోగులకి కొత్త నార కలిపి పురి పెట్టారు. అతుకులన్నీ ఒకేచోట పడకుండా, ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ వచ్చేలా పెద్దమ్మ చూపించింది. మళ్ళీ మూడు పేటలు కొక్కేలకెక్కాయి. మళ్ళీ బండి కదిలింది. మళ్ళీ గంతులు!

పెద్దమ్మ బొంగరం తీసింది. అందరూ పిడుగు వైపు చూశారు. పిడుగు చేతులు వాటంతటవే ముందుకి చాచుకున్నాయి. బొంగరం అందుకుంది. దాన్ని అలాగే తీసుకెళ్ళి నిదానం చేతుల్లో పెట్టింది.

"నువ్వు పట్టుకో. నేను పిడి తిప్పుతా."

"నాకు రాదేమో..."

"నీకే వస్తుంది."

పిడుగు చక్రం దగ్గరికి వెళ్ళింది. తిప్పింది. ఒకటే వేగం. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు. అబ్బ, ఎంత కష్టమో! భుజం ఊరికే ఉండనంటోంది. చెయ్యి 'ఇంకొంచెం, ఇంకొంచెం' అంటోంది. దూరంగా నిదానం ఒక్కో అడుగూ వేస్తోంది. పిడుగు దాని కాళ్ళనే చూస్తూ తిప్పింది. దాని అడుగుతో పాటు తన చెయ్యి.

షెడ్డు మధ్యలో నిదానం ఆగింది. "ఆపవే," అంది.

పిడుగు పిడి ఆపింది. నిదానం వంగి, పేటలో ఇరుక్కున్న చిన్న పుల్ల ముక్క తీసింది. మళ్ళీ చూసింది. ఇంకోసారి చూసింది. కిటికీలోంచి ఎవరో ఏదో అన్నారు. పిడుగు అటు తిరగలేదు.

"ఇప్పుడు తిప్పు."

తిప్పింది.

బొంగరం చక్రం దాకా వచ్చింది. పెద్దమ్మ కొసలు కట్టి, ఒక చివర నుంచి ఇంకో చివరదాకా మోకుని తడుముతూ నడిచింది. ఎక్కడా తొందరపడలేదు. మధ్యలో ఆగి పేటల సందులో గోరు పెట్టి చూసింది.

"గోరు దూరట్లేదర్రా!" అంది. ఆవిడ నవ్వుకి రేకులు అదిరాయి. పిల్లల కేకలకి ఇంకా అదిరాయి. మూడు పేటలూ ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకున్నట్టు, బిగువుగా, నున్నగా ఉన్నాయి. ఎర్ర గుడ్డ ఒకే ఒక్క చుట్టు కట్టారు.

పోటీ రోజు గ్రౌండు చుట్టూ స్కూలు స్కూలంతా చేరింది. ఏడో క్లాసువాళ్ళు ఒక్కొక్కరూ ఒక్కో స్తంభంలా ఉన్నారు.

"ఎప్పుడు లాగాలో మీ జట్టుకి కేక ఎవరు వేస్తారు?" అన్నారు గేమ్స్ సార్.

"నిదానం సార్!" అంది పిడుగు.

"నేనా?" అంది నిదానం. కానీ వెళ్ళి మోకు ఆఖరున నిలబడింది.

విజిల్ మోగింది. ఏడో క్లాసు ఒక్కసారిగా గుంజింది. ఎర్ర గుడ్డ వాళ్ళ వైపు జారింది. ఆరో క్లాసు కాళ్ళు మట్టిలో గీతలు గీశాయి. "లాగండి! లాగండి!" అని చుట్టూ అరుపులు.

"ఆగండి," అంది నిదానం వెనకనుంచి. "పట్టుకోండి. అంతే. పట్టుకోండి."

మోకు కిర్రుమంది. కొంచెం సాగింది. నిలబడింది. పిడుగు ఒళ్ళంతా 'లాగు, లాగు' అంటోంది. పళ్ళు బిగించి పట్టుకుంది. చెవులు మాత్రం వెనక్కే పెట్టింది.

ఎదుట కెప్టెన్ మొహం చెమటతో తడిసిపోయింది. వాడు పట్టు మార్చుకోవడానికి చేతులు కాస్త వదులు చేశాడు.

"ఇప్పుడు!"

ఆరో క్లాసు మొత్తం ఒక్క మనిషిలా వెనక్కి వాలింది. ఎర్ర గుడ్డ ఇటు ఉరికింది.

"ఆగండి... ఇప్పుడు!"

మళ్ళీ ఉరికింది. గీత దాటేసింది! విజిల్! ఆరో క్లాసు ఒకరి మీద ఒకరు కుప్పగా పడింది. అందరికంటే కింద పిడుగు, దాని మీద నిచ్చెన, వాడి మోచెయ్యి దాని ముక్కు మీద. అయినా అది నవ్వుతూనే ఉంది. మోకు ఎక్కడా చెక్కుచెదరలేదు.

"ఇంకో రౌండు! ఇంకో రౌండు సార్!" అని ఏడో క్లాసు అరిచింది.

"సరే, రెండో రౌండు! లేవండి!" అన్నారు సార్.

అందరూ గబగబా మోకు పట్టుకున్నారు. నిదానం తప్ప. అది కింద కూర్చుని బూటు లేసు కట్టుకుంటోంది. ఒక మడత పెట్టింది. చూసుకుంది. విప్పింది. మళ్ళీ పెట్టింది.

"తొందరగా రావే!" "సార్ విజిల్ ఊదేస్తారే!" "ఆ లేసు లేకపోతే ఏమయిందే!"

పిడుగు మోకు వదలకుండానే వెనక్కి తిరిగింది.

"అరవకండర్రా," అంది. "దాన్ని కట్టుకోనివ్వండి."

అని, కాళ్ళు మట్టిలో గట్టిగా నాటుకుని నిలబడింది.